పది అయ్యాక హెయిర్ కోర్సులో చేరొచ్చా? మా ఒకేషనల్ కాలేజీ మీద నా రివ్యూ, 5కి 3.5

ముందే చెప్పేస్తానండి, అయిదుకి మూడున్నర ఇస్తున్నా. ఆ ఒకటిన్నర ఎక్కడ కోశానో కింద వస్తుంది. కాలేజీ పేరు రాయట్లేదు, అడగొద్దు కూడా. ఎందుకంటే భీమవరం నుంచి కాకినాడ దాకా ఈ కోర్సు చేసిన ఫ్రెండ్స్‌ని కదిపితే అందరూ ఇంచుమించు ఇవే సంగతులు చెప్పారు, ఒక్కళ్ళ పేరు బయటపెడితే మిగతావాళ్ళు శుద్ధపూసలన్నట్టు అయిపోద్ది.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నకి సెలూన్ ఉంది, పెళ్ళిళ్ళ సీజన్లో డోలుకి కూడా వెళ్తారు. పది పాసయ్యాక మా క్లాసులో సగం మంది ఎంపీసీ అని చెప్పి హాస్టళ్ళకి వెళ్ళిపోయారు, తెల్లారగట్ట ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లంట, నావల్ల కాదని ఇంట్లో మొహం మీదే చెప్పేశా. హెయిర్ కోర్సు అనగానే నాన్న ఒకటే నవ్వు. "కత్తెర పట్టడానికి కాలేజీ ఎందుకే, రేపట్నించి షాపుకి రా, ఫీజు లేదు, టిఫిన్ కూడా పెడతా" అన్నారు. కానీ మా షాపుకొచ్చేది అంతా మగాళ్ళే, గెడ్డాలు, కటింగులు, పుష్కరాలొస్తే గుండ్లు (2015లో కొవ్వూరు గోష్పాద రేవులో నిలబడి ఎన్ని గుండ్లు చేశారో ఇప్పటికీ చెప్తారు, 2027 కోసం కూడా ఎదురుచూస్తున్నారు). ఆడవాళ్ళ జుట్టు ఎలా కట్ చేస్తారు నాన్నా అని అడిగితే కాసేపు ఆలోచించి "చివర్లు సమానం చెయ్యడం తప్ప నాకూ రాదమ్మా" అన్నారు. ఆ మాటతో అమ్మ ఫీజు కట్టేసింది.

నేను చేరింది ప్రైవేట్ ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడు, ఏడాది కోర్సు, పది పాసైతే చాలు. ఇక్కడ మొదటి జాగ్రత్త. గేటు మీద ఫ్లెక్సీలో ఎంత పెద్ద కత్తెర బొమ్మ ఉన్నా ఇది ఒక్క జుట్టు కోర్సు కాదండి, ఫేషియల్, వ్యాక్సింగ్, ఐబ్రోస్, మానిక్యూర్, పెడిక్యూర్, మేకప్ అన్నీ కలిపి, అందులో హెయిర్ ఒక భాగం. జుట్టు మీద ఇష్టంతో వెళ్ళిన నాకు మొదట్లో నెలల తరబడి పక్కమ్మాయి కాళ్ళు టబ్బులో పెట్టి రుద్దడమే సరిపోయింది, దసరా వెళ్ళినా కత్తెర మొహం చూడలేదు. సిలబస్ ప్రకారం ప్రాక్టికల్ 840 గంటలు, థియరీ 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అని ఇంకో 120, ఇవి కాక ఏదైనా పార్లర్లో ఆన్ ద జాబ్ ట్రైనింగ్ 150 గంటలు. కాయితం మీద చూస్తే ప్రాక్టికలే ఎక్కువ, అది నిజమే, కానీ ఆ 840లో హెయిర్‌కి ఎన్ని వస్తాయో చేరేముందే అడగండి, ఆఫీసులో సార్ నీళ్ళు నమిలితే లోపలికెళ్ళి సీనియర్లని అడగండి.

సర్టిఫికెట్ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. ఐటీఐ ట్రేడు పాసైతే కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది, దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, థియరీ పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది, హాజరు 80 శాతం లేకపోతే కూర్చోనివ్వరు. మూడు నెలల్లో ప్రొఫెషనల్ డిప్లొమా అని ఇచ్చే అకాడమీలు కూడా బోలెడు, వాటిలో కొన్ని పని బాగానే నేర్పుతాయి, కాదనను, కాకపోతే ఆ కాయితం మీద ఉండేది వాళ్ళ సొంత ముద్రే. కొన్ని కాలేజీల్లో ఇంకో తమాషా ఏంటంటే కాలేజీకి ఐటీఐ గుర్తింపు ఉంటుంది, కానీ అది ఫిట్టర్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ, కాస్మెటాలజీకి ఉండదు. కాబట్టి కాలేజీకి గుర్తింపు ఉందా అని కాకుండా ఈ ట్రేడుకి ఉందా అని అడగాలి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. హెయిర్ క్లాసులు మొదలయ్యాక మాత్రం మా మేడం పుణ్యమా అని ఆ ఫీజు ఎందుకు కట్టామో తెలిసింది. ఆవిడది నరసాపురం, హైదరాబాద్ సెలూన్లలో చాలా ఏళ్ళు చేసి వచ్చిన మనిషి. మొదట కత్తెర ఇవ్వనే ఇవ్వలేదు. టెయిల్ దువ్వెన, క్లిప్పులు, నీళ్ళ స్ప్రే, అంతే. నుదుటి మధ్య నుంచి మెడ దాకా ఒక పాపిడి, ఈ చెవి నుంచి ఆ చెవికి ఇంకోటి, నాలుగు భాగాలు చేసి క్లిప్పు పెట్టు, మళ్ళీ విప్పు, మళ్ళీ తియ్యి. విసుగొచ్చి ఎవరైనా మూలిగితే "పాపిడి వంకర తీసినదానివి కటింగ్ తిన్నగా ఎలా చేస్తావమ్మా" అనేవారు. తర్వాత యాంగిల్స్. జుట్టు పైకి ఎత్తకుండా కిందకే దువ్వి కోస్తే అంతా ఒకే గీత మీద పడుతుంది, 45 డిగ్రీలు ఎత్తి కోస్తే కింద బరువు నిలబడి మెట్టు వస్తుంది, 90కి ఎత్తితే లేయర్లు. మన పార్లర్లలో స్టెప్ కట్ చేయించుకుని ఏడ్చినవాళ్ళు ఉంటారు చూడండి, చాలాసార్లు అక్కడ జరిగేది ఇదే, ఎత్తాల్సినంత ఎత్తకుండా, ఒకపక్క ఎక్కువా ఒకపక్క తక్కువా పట్టుకుని కోసేస్తారు. ఉంగరాల జుట్టు తడిగా ఉన్నప్పుడు సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది కాబట్టి అనుకున్నదానికన్నా పొడుగ్గా వదిలి కోయాలి, ఇలాంటివి ఎవరూ చెప్పకుండా తెలియడానికి ఎన్ని తలలు పాడవ్వాలో కదా. ఇంటికొచ్చి ఇవన్నీ నాన్నకి చెప్తే మొదట వెటకారం చేశారు, వారం తిరక్కుండా షాపులో కస్టమర్ బుర్ర వంచి పట్టుకుని "ఏమే, ఇది ఎన్ని డిగ్రీలు?" అని అడగడం మొదలుపెట్టారు.

డమ్మీ గురించి చెప్పాలి. డమ్మీ అంటే జుట్టున్న బొమ్మ తల, టేబుల్‌కి బిగించి దాని మీద చేస్తాం. కిట్‌లో ఒక్కటే ఇస్తారు, కిట్ డబ్బులు ఫీజులో కలవవు, అది చేరే రోజు చెప్పరు. జుట్టు మళ్ళీ పెరిగేది కాదు కాబట్టి పొడుగు నుంచి పొట్టికి వరస పెట్టుకుని వాడాలి, ముందు స్ట్రెయిట్ కట్, తర్వాత యు కట్, దాన్నే లేయర్లు, తర్వాత బాబ్, ఆఖరికి మెషిన్‌తో ఫేడ్ (కింద బాగా పొట్టి, పైకి పోనుపోను పొడుగు). తొందరపడి మొదటి రోజే లేయర్లు కోసేసినవాళ్ళు మిగతా నెలలు పక్కవాళ్ళ డమ్మీ వంక చూస్తూ గడిపారు. ఇంకోటి కొనుక్కోవడం మంచిది, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, సింథటిక్ జుట్టుది మాత్రం కొనకండి, ఐరన్ పెట్టగానే కరుగుద్ది, రంగూ ఎక్కదు.

ఇక నా పెద్ద కంప్లైంట్. బతికున్న తలలు దొరకవు! టైంటేబుల్ ఎవరు వేశారో గానీ మోడల్స్ మీద ప్రాక్టికల్ మంగళవారం, శుక్రవారం పెట్టారు. మన గోదావరి జిల్లాల్లో మంగళవారం సెలూన్లకే సెలవు, శుక్రవారం ఆడపిల్ల జుట్టు మీద కత్తెర పెట్టనిచ్చే అమ్మ ఎక్కడైనా ఉంటుందా అండి? ఒకసారి పక్కవీధిలో పిన్ని వరసయ్యే ఒకావిడ్ని నేను బతిమాలి ఫ్రీ హెయిర్ కట్ అని తీసుకొస్తే, వాళ్ళత్తగారు కాలేజీ గేటు దాకా వచ్చి "శుక్రవారం పూట ముత్తైదువ జుట్టు కోస్తారా, మీ మేడంకి బుద్ధుందా" అని చేసిన గోలకి ప్రిన్సిపాల్ గారు బయటకొచ్చి మజ్జిగ ఇప్పించి పంపాల్సొచ్చింది. అమావాస్య కుదరదు, పుట్టిన వారం కుదరదు, భార్య కడుపుతో ఉంటే మొగుడు కోయించుకోడు. ఇన్ని పోగా మిగిలిన రోజుల్లో మాకు థియరీ క్లాసులు. మార్చమని రాసిచ్చాం, చూద్దాం అన్నారు, మా బ్యాచ్ అయిపోయేదాకా చూస్తూనే ఉన్నారు. దీనికే ఒక స్టార్ పూర్తిగా కోశా.

నాకు కలిసొచ్చింది ఏంటంటే మంగళవారం సాయంత్రాలు నాన్న షాపు ఖాళీ. తాళం తీసుకుని కుర్చీకి డమ్మీ బిగించి, పెద్ద అద్దం ముందు నిలబడి చేసుకునేదాన్ని, చెయ్యి కాస్త తిరిగింది అక్కడే. ఇంట్లో షాపు లేని అమ్మాయిలకి ఆ వీలు లేదు కదా, వాళ్ళు కోర్సు అయ్యాక కూడా ఒక కటింగ్‌కి గంటన్నర తీసుకుంటున్నారు, అది వాళ్ళ తప్పు కాదు. చేరేముందు కాలేజీలో అడగాల్సిన ప్రశ్న ఏదైనా ఒక్కటే ఉంటే ఇదే, ఏడాదిలో ఒక్కో స్టూడెంట్‌కి నిజం మనుషుల తలలు ఎన్ని వస్తాయి అని.

ఇంకో మాట, ఇది రాయాలా వద్దా అనుకున్నా గానీ రాస్తున్నా. ఫేషియల్ క్లాసుల్లో ఎవరికీ ఇబ్బంది లేదు. కత్తెర చేతికిచ్చాక మాత్రం కొంతమంది ఇళ్ళల్లో మాటలు మొదలయ్యాయి, మనకెందుకే ఆ పని అని. ఒకమ్మాయి, ఆక్వా చెరువులున్న వాళ్ళమ్మాయి, కిట్ ఇంటికి తీసుకెళ్ళకుండా కాలేజీ బీరువాలోనే పెట్టేది, మేకప్ నేర్చుకుంటున్నా అని మాత్రమే ఇంట్లో చెప్పిందంట. క్లాసులో అందరికన్నా చెయ్యి తిన్నగా ఆడేది ఆ పిల్లకే.

కెమికల్స్ క్లాసులకి మాత్రం అయిదుకి అయిదు. రంగులో కలిపే డెవలపర్ మీద 20, 30 అని ఉంటుంది కదా, 20 వాల్యూమ్ అంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, 30 అంటే 9, 40 అంటే 12. తెల్లజుట్టు కవర్ చెయ్యడానికి 20 సరిపోతుంది, తొందరగా అయిపోవాలని 40 తెచ్చి మాడుకి పూస్తే కాలుద్ది. నల్లరంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే కెమికల్ ఒకటి ఉంటుంది, పడనివాళ్ళకి మొహం వాచిపోతుంది, అందుకే 48 గంటల ముందు చెవి వెనకాల కొంచెం రాసి చూడాలి. మన ఊళ్ళల్లో "ఇది రంగు కాదు, నల్ల మెహందీ" అని చెప్పి అమ్మే ప్యాకెట్లలో కూడా చాలావాటిలో అదే ఉంటుంది, వెనక సన్నక్షరాల్లో చదవండి. కొన్ని రకాల ప్యాకెట్ మెహందీల్లో లోహపు ఉప్పులు కలుపుతారు, దాని మీద పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి తెగిపోతుంది, కాబట్టి కస్టమర్ కూర్చోగానే ఇంతకుముందు ఏం పెట్టుకున్నారు అని అడగడం మొదటి పని. ఇది విన్న రోజు నుంచి నాన్న షాపులో రంగుకి వచ్చినవాళ్ళకి ముందు చెవి వెనక చుక్క పెట్టి ఎల్లుండి రమ్మంటున్నారు. ఒకరిద్దరు ఇదేం చాదస్తం అని పక్క షాపుకి వెళ్ళిపోయారు, అయినా ఆయన మానలేదు.

అలాగే స్ట్రెయిటనింగ్. ఉత్త ఐరన్ చేసుకుంటే జుట్టులో మారేవి హైడ్రోజన్ బంధాలు, తేమ తగిలితే మళ్ళీ మామూలే. పాలకొల్లులో ఐరన్ చేయించుకుని స్కూటీ మీద చించినాడ వంతెన దాటేలోపు ఎందుకు పాతజుట్టు వచ్చేస్తుందో నాకప్పుడు అర్థమైంది, మన గాల్లో ఉన్న తేమ అలాంటిది. పర్మనెంట్‌గా చేసే మందులు అంతకన్నా గట్టివైన డైసల్ఫైడ్ బంధాలని విడగొట్టి మళ్ళీ అతికిస్తాయి, అవి తడిస్తే పోవు, కానీ మొదళ్ళలో నెలకి ఇంచుమించు సెంటీమీటరు కొత్త జుట్టు వస్తుంది, అది పుట్టినట్టే వస్తుంది, ఆర్నెల్లకి పైన ఉంగరాలు కింద సాఫీ. ఈ సంగతి చెప్పకుండా వేలు గుంజే పార్లర్లు ఉన్నాయి. కెరాటిన్ ట్రీట్‌మెంట్ (మందు రాసి ఐరన్‌తో జుట్టు సాఫీ చేసేది) అప్పుడు కళ్ళు మండితే మొహమాటపడకుండా లేచి బయటికొచ్చేయండి, కొన్ని మందుల్ని వేడి చేస్తే ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు వస్తుంది. మా ల్యాబులో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది, తిరగదు. కిటికీలు తీసి చేసేవాళ్ళం, కాలవ గాలి బానే ఆడేది గానీ దోమలు.

మిగతా సౌకర్యాలు త్వరగా చెప్పేస్తా. హెయిర్ వాష్ బేసిన్ రెండింటిలో ఒకటే పనిచేస్తుంది. బోరు నీళ్ళు ఉప్పన, షాంపూ నురగ రాదు, కండిషనర్ ఎంత పెట్టినా జుట్టు గరుగ్గానే ఉంటుంది, మేడం సొంత డబ్బుతో మినరల్ వాటర్ టిన్ను తెప్పించి ఆఖరి కడుగు దాంతో చేయించేవారు. కరెంటు పోతే డ్రయ్యర్లు ఆగిపోతాయి, ఇన్వర్టర్ ఆఫీసుకి మాత్రమే. శుభ్రత బాగుంది, అది ఒప్పుకోవాలి, తలకో కొత్త బ్లేడు, దువ్వెనలు మందు నీళ్ళలో వెయ్యకపోతే మార్కులు కోసేవారు, పేలున్న తల వస్తే ఏం చెయ్యాలో, మోడల్‌కి సిగ్గనిపించకుండా ఎలా చెప్పాలో కూడా నేర్పారు. మగాళ్ళ కటింగ్ దాదాపు లేదు, గెడ్డం అసలు లేదు. అబ్బాయిలు చేరితే అది గుర్తుపెట్టుకోండి, బార్బర్ పని కోసం అయితే ఇక్కడికి రాకండి, మంచి సెలూన్లో చేరితే అంతకన్నా ఎక్కువ వస్తుంది.

మిగతా అర స్టార్ ఎందుకు కోశానంటే పూలజడ. సిలబస్‌లో రోలర్ సెట్టింగ్, ముడులు, పార్టీ హెయిర్ స్టైల్స్ అన్నీ ఉన్నాయి, పరీక్షకి అవే అడుగుతారు. మన దగ్గర డబ్బు మాత్రం పెళ్ళికూతురి జడలో ఉంది కదండీ! మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే పార్లర్ వాళ్ళకి కంటి మీద కునుకుండదు, ముహూర్తం రాత్రి రెండింటికైతే ముందురోజు మధ్యాహ్నం నుంచి పూలు గుచ్చాలి. అరటి డొప్ప మీద మల్లెమొగ్గలు వరస తప్పకుండా కుట్టడం, మధ్యలో కనకాంబరం, మరువం, సవరం ఎంత బిగిస్తే మెడ లాగకుండా ఉంటుంది, జడగంటలు ఎక్కడ కట్టాలి, చెమటకి జారకుండా పాపిడిబిళ్ళ ఎలా నిలబెట్టాలి, వీటిలో ఒక్కటి కూడా కాలేజీలో చెప్పలేదు. నేను కడియం వైపు పూలజడలు చేసే ఒక అక్క దగ్గర సెలవుల్లో కూర్చుని నేర్చుకున్నా, ఆ అక్క ఏ కాలేజీకీ వెళ్ళలేదు. తెల్లారి పూలమార్కెట్‌లో ఏ మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుందో చెయ్యి పెట్టి చెప్పేస్తుంది. అలాంటి మనిషిని వారానికి ఒక పూట పిలిపించి క్లాసు చెప్పిస్తే కాలేజీకి ఎంతవుద్ది చెప్పండి.

ఉద్యోగాల సంగతి. ప్లేస్‌మెంట్ అని చెప్తారు, నిజంగానే ఇద్దరు ముగ్గురు పార్లర్ వాళ్ళు వచ్చారు కూడా. మొదట అసిస్టెంట్‌గా తీసుకుంటారు, తల కడగడం, రంగు కలపడం, నేల ఊడవడం. నాకు రాజమండ్రిలో చెప్పిన జీతం నెలకి 9 వేలు, గది అద్దె మనదే, లెక్కేసుకుంటే ఏమీ మిగల్దు. హైదరాబాద్‌లో ఎక్కువిస్తారు, ఖర్చూ ఎక్కువే. కువైట్, మస్కట్ అని ఏజెంట్లు తిరుగుతుంటారు, కోనసీమలో ప్రతి వీధి నుంచీ ఎవరో ఒకరు వెళ్ళినవాళ్ళే కాబట్టి ఇంట్లోవాళ్ళు కూడా తొందరగా నమ్మేస్తారు. వీసా మీద పార్లర్ పని అని ఉందా ఇంటిపని అని ఉందా చదివించుకోకుండా మాత్రం డబ్బు కట్టొద్దు. నేను ఇప్పటికి పాలకొల్లులో ఒక లేడీస్ పార్లర్లో చేస్తున్నా, మూఢంలో ఖాళీగా ఈగలు తోలుకోవడమే, సీజన్లో జడలకి విడిగా వెళ్తా, జీతం కన్నా అదే ఎక్కువ వస్తుంది.

సొంతంగా పెట్టుకునేవాళ్ళకి, మా ఇంట్లో వాడుకున్నది కాబట్టి చెప్తున్నా, 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకంలో ఉన్న 18 వృత్తుల్లో క్షురక వృత్తి కూడా ఉంది. చిన్న ట్రైనింగ్ ఇస్తారు, ఆ రోజులకి రోజుకి 500, టూల్‌కిట్‌కి 15 వేలు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు, అది తీర్చాక 2 లక్షల వరకు లోను. 18 ఏళ్ళు నిండాలి, ఇంటికి ఒక్కళ్ళకే. మా ఇంట్లో ఆ ఒక్కళ్ళు నాన్న అయిపోయారు కాబట్టి నాకు లేదు, ఇంట్లో ఇద్దరు ఈ పనిలో ఉంటే ఎవరి పేరు మీద పెట్టాలో ముందే మాట్లాడుకోండి, మాలాగ తర్వాత పేచీ పడకుండా.

ఎవరు చేరాలి అంటే, ఆడవాళ్ళ జుట్టు, రంగులు, కెమికల్స్ ఒక పద్ధతిగా నేర్చుకోవాలి అనుకునేవాళ్ళు, సాయంత్రం పూట ఎవరిదైనా పార్లర్లో నిలబడి చెయ్యి కలిపే వీలున్నవాళ్ళు చేరండి. ఆ వీలు లేకపోతే ముందు అది చూసుకుని అప్పుడు ఫీజు కట్టండి. పెళ్ళి మేకప్ ఒక్కటే కావాలంటే ఏడాది అక్కర్లేదు.

అడ్మిషన్లు పది రిజల్ట్స్ వచ్చాక మొదలవుతాయి, ప్రభుత్వ ఐటీఐలో ఈ ట్రేడు మీ దగ్గర్లో ఉంటే ముందు దానికి అప్లై చెయ్యండి, మార్కుల మెరిట్ మీద ఇస్తారు, ఫీజు చాలా తక్కువ. ప్రైవేట్ అయితే ఫీజు ఒకేసారి కట్టొద్దు, మూడు దఫాలు అని గట్టిగా అడిగితే ఒప్పుకుంటారు, ప్రతి దఫాకీ రసీదు తీసుకోండి, కిట్‌లో ఏ వస్తువులు ఇస్తారో ఆ రసీదు వెనకాలే రాయించుకోండి. మాకు థిన్నింగ్ కత్తెర (జుట్టు ఒత్తు తగ్గించేది) ఇస్తామన్నారు, ఇప్పటికీ రాలేదు.